మలుపు దగ్గరి బండ

మొన్న మా అమ్మాయితో బండల డిపోకు వెళ్లాను. మీర్‌పేటలో వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇంటి వెనక నాలుగు మొక్కలు పెట్టుకునేంత జాగా ఉంది. మొక్కల నడుమ నడవడానికి రాళ్లు పరిపించాలని దాని కోరిక. ఎల్బీనగర్ దాటాక హైవే పక్కన అన్నీ డిపోలే. ఒకచోట ఆగాం. దుకాణం అతను మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి ఫోన్‌లో ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. బయటికొచ్చి, చెప్పులు విప్పి, నేల మీద పడి ఉన్న ఒక శాబాదు బండ మీద నిలబడి కళ్లు మూసుకున్నాను.

"అమ్మా, ఏంది గిది? అందరు చూస్తున్నరు," అంది మా అమ్మాయి వెనక నుంచి.

"చూడనియ్యి. బండను కాలితోని చూడాలె."

అప్పుడే అక్కడ పనిచేసే ఒకామె దుమ్ము పోవడానికి పక్క బండల మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించింది. ఎండకు కాలిన రాయి నీళ్లు తగలగానే ఒక వాసన విడుస్తుంది. మట్టి వాసన కాదది. పాత ఇనుప పెట్టె మూత తీసినట్టు, కొంచెం చల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. అది ముక్కుకు తగిలాక ఇక అక్కడ నిలవలేకపోయాను. ఏమీ ఎంచకుండానే తిరిగొచ్చేశాం. మూడు రోజులుగా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. రాసేస్తే కాళ్లు ఒకచోట నిలుస్తాయేమోనని కూర్చున్నాను.

నాకప్పుడు పదేళ్లు. సరూర్‌నగర్ చెరువు వెనక రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ఇల్లు చిన్నదే గానీ వెనక దొడ్డి పెద్దది. ఒక జామ చెట్టు, కల్యమాకు చెట్టు, రెండు బొడ్డుమల్లె పొదలు, ఓ మూలకు స్నానాల గది, దాని పక్కనే నల్లా. వాన పడితే దొడ్డంతా జిగట మట్టి. చెప్పు దిగబడితే చేత్తో పీక్కోవాలి. నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా నుంచి కొత్త చీరల గంజి వాసన వచ్చేది. మాది పోచంపల్లి పక్క ఊరు. తాతల కాలం నుంచి మగ్గమే ఆధారం. నాయిన మాత్రం నేత వదిలి, నేసినవి అమ్మే పనిలోకి వచ్చాడు.

ఆయన అక్క, అంటే మా అత్తమ్మ, ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెది చిటికి పని. నూలు పోగులను చట్రానికి బిగించి, గీసుకున్న గీతల ప్రకారం సైకిల్ ట్యూబు పట్టీలతో ముడులు కట్టి రంగులో ముంచాలి. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. ఒక్క ముడి జరిగితే చీరలో ఏనుగుకు తొండం వంకర పోతుంది. మామయ్య పోయాక కూడా ఆమె ఆ పనితోనే బతికింది. కానీ నలభై దాటేసరికి చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. దవాఖానలో నరం ఎండిపోతున్నదన్నారు. ఊళ్లోవాళ్లు మాత్రం ముడులు కట్టీ కట్టీ కళ్లు పోయాయన్నారు. ఆ ఎండాకాలం మొదట్లో నాయిన వెళ్లి ఆమెను తీసుకొచ్చేశాడు. వెలుతురు, నీడ, అంతవరకే తెలిసేది ఆమెకు.

అత్తమ్మ ఒకచోట కూర్చునే మనిషి కాదు. అమ్మ వద్దంటున్నా బియ్యం చెరిగేది, అంట్లు తోమేది, మల్లెపొద దగ్గరికి పోతానని గోడ పట్టుకుని బయలుదేరేది. ఓసారి నల్లా దగ్గరి బురదలో జారి కూర్చుండిపోయింది. అమ్మ భయపడి వెనక తలుపు నుంచి నల్లా దాకా ఒక తాడు కట్టింది, పట్టుకుని నడవడానికి. అత్తమ్మ దాన్ని ఒక్క రోజు పట్టుకుంది. మర్నాడు పొద్దున తనే విప్పి చుట్ట చుట్టి అమ్మ చేతిలో పెట్టింది.

"నన్ను బర్రెను కట్టేసినట్టు కట్టేస్తవా మరదలా?"

"అయ్యో, పడ్తవని వదినె."

"పడ్తే లేస్త. కట్టేస్తే ఎట్ల లేస్త?"

అందుకని ఆ పని నాకు వచ్చింది. బడికి సెలవులు. పొద్దున లేచిన దగ్గర నుంచి అత్తమ్మ చెయ్యి పట్టుకుని దొడ్డంతా తిప్పడమే. మొదట్లో విసుగొచ్చింది. తరువాత తరువాత ఆ చెయ్యి లేకపోతే నాకే తోచేది కాదు. నడుస్తున్నంతసేపు ఆమె ఏదో ఒకటి చెప్పేది. నీలిమందు తొట్టిలో పడ్డ పిల్లి కథ, చిలకల అంచుకు ఎన్ని ముడులు పడతాయో, తాతకు కోపమొస్తే మగ్గం గుంతలోంచి లేచే లోపల పిల్లలంతా ఎట్లా పారిపోయేవాళ్లో. కొంగుముడిలోంచి పల్లీలూ బెల్లమూ తీసి పెట్టేది. ఇంట్లో ఇంకెవరూ నన్ను అంత సేపు పట్టించుకునేవాళ్లు కాదు.

వానలు మొదలయ్యే లోపల దొడ్లో బండలు పరిపించాలని నాయిన నిర్ణయించాడు. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. ఆ ఇంటావిడ సంగతి విని గోడ మీదుగా తొంగి చూసింది.

"పాలిష్ బండలు వేయించండి అన్నయ్యగారూ. మా వాకిలి చూశారుగా, అద్దంలా ఉంటుంది. ఒంగి చూస్తే ముఖం కనబడుతుంది."

నాయినకు మెరిసేదంటే ఇష్టం. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. అప్పుడే కడిగి ఉంది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"నాకు మొఖం చూస్కునే పని లేదమ్మా. కాలు నిలిస్తే చాలు. గిది బండ కాదు, ఐసు."

ఆ ఆదివారం నాయిన, అత్తమ్మ, నేను బస్సెక్కి ఎల్బీనగర్ చౌరస్తాలో దిగాం. అప్పట్లో చౌరస్తా దాటితే ఖాళీ జాగాలు, ముళ్లకంపలు, లారీలు ఆగే చోట్లు. డిపో అంటే చుట్టూ తడకలు కట్టిన మైదానం. తాండూరు వైపు నుంచి వచ్చిన బండలు నిలువుగా ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. అత్తమ్మ చెప్పులు నా చేతికిచ్చి, నేల మీద పరిచి చూపించమంది. ఒక్కో బండ మీద నిలబడేది, బొటనవేలితో రుద్దేది, తల అడ్డంగా ఊపేది. ఓ నాలుగింటిని మాత్రం మంచియి అంది. డిపో సేటుకు విసుగొచ్చింది.

"పొద్దుగాల సంది తొక్కుతున్నవు. బండలు కొంటవా, బతుకమ్మ ఆడ్తవా?"

గోనెపట్టా నీడన కూర్చుని ఉలితో బండ అంచులు చెక్కుతున్న ఒక ముసలాయన తల ఎత్తాడు. నెరిసిన మీసం, కనుబొమల దాకా రాతి పొడి.

"ఆగు సేటు. ఆమె మంచిదన్న నాలుగు బండలు నేను సుత పొద్దున పక్కకు పెట్టినయే."

లేచి వచ్చి, ఉలి వెనక భాగంతో ఒక బండను తట్టాడు. ఖణ్ మంది. ఇంకోదాన్ని తట్టాడు. దబ్ మంది.

"గిది లోపల పలిగింది. కంటికి కనవడది. రెండు ఎండకాలాలకు పొరలు లేస్తది." తరువాత చెంబుతో నీళ్లు పోశాడు. ఒక బండ మీద నీళ్లు నిలిచాయి. ఇంకోదాని మీద చూస్తుండగానే ఇంకిపోయాయి. "నీళ్లు తాగేది పాకురు పడ్తది. దొడ్లకు పనికిరాదు. గిట్ల గరుకుగ, పొరకు పొర సహజంగ చీలిన బండ తీస్కో చెల్లె. వానల కూడ కాలు పట్టుకుంటది."

"నాకు బండ తెల్వదన్నా. నూలు తెలుసు. పరిచేటందుకు నువ్వే వస్తవా?"

"నేను మెల్లగ పరుస్త. తొందరుంటే వేరేటోళ్లను పిలుసుకోండ్రి."

"ఎన్ని దినాలైతది?" అన్నాడు నాయిన. ఆయనకు అన్నీ తొందరే.

"మట్టి ఎన్ని దినాలంటే అన్ని దినాలు."

ఆయన్ని బండల తాత అని నేనే పిలవడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరికీ ఆ పేరే అలవాటైంది.

తలుపు నుంచి జామ చెట్టు దాకా తిన్నగా ఒక బాట, సగం దూరంలో ఎడమకు తిరిగి స్నానాల గదీ నల్లా దాకా ఇంకో బాట. పని ఇంతే. కానీ తాత మూడు రోజులు ఒక్క బండ కూడా వేయలేదు. జిగట మట్టి జానెడు లోతు తవ్వి తీసేశాడు. మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గుద్దాడు. ఆ దిమ్మిస దెబ్బకు ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. నీళ్లు నింపిన సన్నటి పైపు ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, వాలు చూసేవాడు. గోడ వైపు నీళ్లు పోకూడదు. అర వేలంత వాలు దొడ్డి వైపే ఉండాలి. ఆ పైపులో నీళ్లు కదలకుండా ఊపిరి బిగబట్టి నిలబడటం నాకు పెద్ద పరీక్షలా ఉండేది. నేను నవ్వితే నీళ్లు ఊగేవి, తాత కసిరేవాడు.

ఆయన మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చుకునేవాడు. మూట జామ చెట్టుకు తగిలించి ఉండేది. నేను అందులోంచి సగం రొట్టె లాగేసి, బదులుగా ఒక పచ్చి జామకాయ పెట్టేదాన్ని. ఆయన మూట విప్పి చెట్టుకేసి చూసేవాడు.

"గీ ఊరి కాకులు మంచియి. రొట్టె తీస్కపోతయి గాని, కాయ పెట్టి పోతయి."

బండలు పరవడం మొదలయ్యాక నాయిన ఒక పొద్దున దుకాణానికి పోయేముందు నిలబడి చూశాడు. "నడుమ గీ సందులెందుకు? సిమెంటు పెట్టి మూసెయ్యరాదు?"

"సిమెంటు పెడ్తే నీళ్లు యాడికి పోవాలె అయ్యా? మల్లెచెట్టు ఏం తాగాలె? ఇసుకనే వెయ్యాలె. వానకు పోతే మల్ల వెయ్యాలె. ఏడాదికొకపారి జరంత చూస్కుంటే బండ మనిషి కన్న ఎక్కువ దినాలుంటది."

మిగిలిన నీళ్లు ఇంకడానికి మలుపు దాటాక, జామ చెట్టు వైపు పోయే బాటకు ఎడమ పక్కన నడుం లోతు గుంత కూడా తవ్వాడు. రాళ్లు నింపడానికి ఇంకా కంకర రావాల్సి ఉంది.

అత్తమ్మ రోజూ సాయంత్రం, ఆ రోజు వేసినంత మేర నడిచి చూసేది. తిన్నగా నడవడం బాగానే వచ్చింది. చిక్కల్లా మలుపు.

"అన్నా, తిరిగేది యాడనో నాకెట్ల తెలుస్తది?"

తాత చుట్ట ముట్టించుకుని చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు అడుగు పొడవున్న ఒక బండ బిళ్లను ఒళ్లో పెట్టుకుని, రోలుకు కొట్టినట్టు దాని నిండా గంట్లు కొట్టాడు. అత్తమ్మ దాని మీద వేళ్లు పెట్టి వరసలు తడిమింది.

"మూడో వరుసల ఒకటి తప్పింది అన్నా."

తాత వంగి చూశాడు. నిజమే. పకపకా నవ్వి, ఆ ఒక్క గంటు కొట్టి, బిళ్లను మలుపు దగ్గర ఇసుకలో కూర్చోబెట్టాడు. "గిది కాలుకు తగిలినంక ఎడమకు తిరుగు. అంతే."

ఆమె తలుపు నుంచి ఒంటరిగా నడిచింది. గంట్ల బండ మీద ఆగింది. తిరిగింది. నల్లా దాకా పోయి, తిప్పి, ముఖం కడుక్కుని, అట్లాగే తిరిగొచ్చింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అత్తమ్మ ముఖం తడితడిగా వెలిగిపోతోంది. నా భుజం మీద చెయ్యి వేసి అంది, "ఇగ నీకు సెలవు కోడలా. పో, ఆడుకోపో."

సంతోషంగా అన్న మాటే. నాకు మాత్రం తరిమేసినట్టనిపించింది. వాకిట్లోకి పోయి తొక్కుడు బిళ్ల గీసుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. ఆడబుద్ధి కాలేదు. తరువాత రెండు రోజులు ఆమె తనంతట తనే తిరిగింది. పిల్లి కథలు లేవు. నేను వెనక వెనకే తిరిగితే, "ఎవరు, కోడలా? నాకేం కాదు, పో," అనేది.

రెండో రోజు సాయంత్రం తాత సామాను కట్టుకుని వెళ్లిపోయాక, అమ్మ పొయ్యి దగ్గర ఉండగా, నేను చిన్న గడ్డపారతో గంట్ల బండను లేపాను. ఇంకా సందుల్లో ఇసుక కూరలేదు కాబట్టి తేలిగ్గానే లేచింది. రెండు బండల అవతల ఉన్న మామూలు బిళ్లను లేపి, దాన్ని మలుపులో పెట్టి, గంట్ల బండను దాని స్థానంలోకి ఈడ్చాను. నా ఆలోచన చాలా చిన్నది. పొద్దున అత్తమ్మ మలుపు దాటిపోతుంది, దారి తెలియక నిలబడుతుంది, "కోడలా" అని పిలుస్తుంది, నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుంటాను. గంట్ల బండకు ఎడమ పక్కన ఇప్పుడు ఆ గుంత ఉందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

చీకటి పడుతుండగా గాలిదుమారం లేచి పెద్ద వాన కొట్టింది. పొద్దున్నే లేవాలనుకుంటూ నిద్రపోయాను. అత్తమ్మ నా కన్నా ముందే లేచింది.

నన్ను లేపింది అమ్మ కేక. వెళ్లి చూసేసరికి అత్తమ్మ నీళ్లు నిండిన గుంతలో సగం వరకు ఉంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేరే దిక్కుకు తిరిగి ఉంది. ముడులు కట్టిన చెయ్యి అది. ఆమె ఏడవడం లేదు. ఎడమ చేత్తో గట్టున ఉన్న గంట్ల బండను తడుముతోంది, మెల్లగా, వరస వరసగా.

నాయిన ఆటో తెచ్చి ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు. కట్టు కట్టించి ఆమెను అక్కడే పడుకోబెట్టి ఇంటికొచ్చేసరికి బండల తాత దొడ్లో నిలబడి ఉన్నాడు. నాయిన చూపుడు వేలితో బండను చూపించాడు.

"గుంత ముంగట పెడ్తవా గా బండను? కండ్లు లేని మనిషిని చంపుతుంటివి కదా!"

తాత ఆ బండను చూశాడు. మలుపు దగ్గరి బండను చూశాడు. "నేను గాడ పెట్టలే అయ్యా."

"మరి ఎగిరి పోయి పడ్డదా?"

 తాత కళ్లు దొడ్డంతా తిరిగి నా మీద ఒక్క క్షణం ఆగాయి. నేను అమ్మ వెనక్కి జరిగాను.  ఆయన ఉలి, సుత్తె సంచిలో వేసుకున్నాడు. చెట్టుకున్న రొట్టె మూట కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

తరువాతి నాలుగు రోజులు ఎట్లా గడిచాయో నాకు ఇప్పటికీ ఒంట్లో తెలుస్తుంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.  రెండో రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే గంట్ల బండను మళ్లీ దాని చోట పెట్టేశాను. అట్లా పెడితే అంతా ముందులా అయిపోతుందనుకున్నాను. కానీ తాత పెట్టినట్టు కుదరలేదు. ఇసుక ఎత్తుపల్లాలుగా మిగిలింది. కాలు పడితే టకటకమని ఊగేది. అమ్మ నీళ్లకు పోయినప్పుడల్లా ఆ చప్పుడు. రొట్టెలు కాలుస్తున్నా, చాప మీద పడుకున్నా, నా చెవులు దాని మీదే.

దవాఖాన నుంచి మర్నాడే ఇంటికొచ్చిన అత్తమ్మ, నాలుగో రోజు పొద్దున కట్టు చేత్తోనే మళ్లీ దొడ్లోకి నడిచింది. నేను గడపలో ఉన్నాను. ఆమె ఊగే బండ మీద ఆగింది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఒంగి చూసింది. టక్. టక్.

"గా ముసలాయన యాడ? నాలుగు దినాలైంది, అలికిడి లేదు."

"నాయిన పంపించేసిండు," అన్నాను.

"ఎందుకు?"

నేను గడప చెక్కను గోటితో గీకుతూ నిలబడ్డాను.

"నేను పడ్డనాడు గీ బండ వేరే దగ్గరుండె. ఇయ్యాల గీడ ఉన్నది. ఆయన రాలేదంటివి. మరి తెచ్చి పెట్టిందెవరు?"

అప్పుడు ఏడుపు వచ్చేసింది. వెక్కుతూ వెక్కుతూ అంతా చెప్పాను. నువ్వు నన్ను పొమ్మన్నవు, అందుకే చేసిన అని కూడా చెప్పాను. అత్తమ్మ కొడుతుందనుకున్నాను.

"గా పొద్దుగాలనే అనుకున్న నీ పనే అని. ఆయన గీత తప్పే మనిషి కాదు. ఎప్పుడు చెప్తవా అని చూసిన." చేతి కట్టు సర్దుకుంది. "చెయ్యి ఇరిగితే అతుక్కుంటది కోడలా. గాని ఆయనను ఎల్లగొట్టిన్రని నాకెవ్వరు చెప్పలే. చెప్పులేసుకో."

అమ్మకు సంగతంతా చెప్పి, నా చెయ్యి పట్టుకుని ఆమె ఎల్బీనగర్ బస్సెక్కింది. తాత డిపో లోపల లేడు. గేటు బయట చాయ్ బండి దగ్గర సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ నన్ను ముందుకు తోసింది.

"చెప్పు."

చెప్పాను. తాత నా ముఖం వైపు చూడకుండా చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"రొట్టె నువ్వు తిన్నవంటే నవ్విన పిల్లా. గిది రొట్టె కాదు."

"తప్పైంది తాతా."

"తప్పైందన్నవు. మరి దాన్ని సక్కగ ఎవరు పెట్టాలె?"

మా వెంట వచ్చాడు. కానీ గంట్ల బండను ముట్టుకోలేదు. నాతోనే లేపించాడు. ఇసుక నాతోనే చదును చేయించాడు. చెక్క సుత్తెతో నాలుగు మూలలా తట్టించాడు. ఊగింది. మళ్లీ తీయించాడు. మళ్లీ ఊగింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. నా మోకాళ్లు దోక్కుపోయాయి. ఎన్నిసార్లు తీసి పెట్టానో లెక్క లేదు. చివరికి బండ కదలకుండా కూర్చుంది. తాత దాని మీద తన రెండు కాళ్లూ పెట్టి నిలబడి, అటూ ఇటూ ఊగి, "ఇగ నీళ్లు తాగిపో," అన్నాడు. మధ్యాహ్నం తన రొట్టె సగం విరిచి నాకు తనే పెట్టాడు. నేను తినలేకపోయాను, అయినా తిన్నాను.

సాయంత్రం అమ్మ నాయినకు జరిగిందంతా చెప్పింది. ఆయన నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి దొడ్లోకి వెళ్లాడు. గుంతలో కంకర నింపుతున్న తాత చేతిలోంచి తట్ట తీసుకున్నాడు. జీవితంలో ఎవరినీ క్షమించమని అడిగి ఎరగని మనిషి. చీకటి పడేదాకా కంకర మోశాడు.  తాత వెళ్లేటప్పుడు నాయిన, "అన్నం తిని పో పెద్దాయనా," అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో పచ్చిపులుసు, పప్పు. తాత రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు.

అత్తమ్మ ఆ బాట మీద చాలా ఏళ్లు నడిచింది. కట్టు విప్పాక మణికట్టు పూర్తిగా తిరిగేది కాదు, అయినా బండల పని అంతా తనదే. కొబ్బరి పీచుతో, ఇసుకతో రుద్ది పాకురు తీసేది. పక్కింటావిడ తెల్లబడతాయని ఆసిడ్ ఇస్తే, శాబాదు బండను అది తినేస్తుందని తాత చెప్పాడంటూ వెనక్కి పంపేసింది. వానలు వెళ్లాక నేను తట్టతో ఇసుక పోస్తే, ఆమె సందుల్లోకి వేళ్లతో నెట్టేది. మల్లెలు కోసేటప్పుడు నన్ను తనే పిలిచేది. అవసరమై కాదు, ఊరికే.

తాత రెండేళ్లు వానల తరువాత వచ్చి బండలు తట్టి చూసిపోయాడు. మూడో ఏడు రాలేదు.

నా పెళ్లయిన కొన్నాళ్లకు ఆ ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది, దొడ్డి ఉన్నచోట కార్లు నిలబడతాయి. ఇల్లు ఖాళీ చేసే వారం నేను అత్తమ్మతో ఉన్నాను. సామాను కట్టుకుంటూ, తాత ఆ ఏడు ఎందుకు రాలేదో నీకేమైనా తెలుసా అని అడిగాను. ఆమె చేతిలోని గిన్నెల మూటకు ముడి వేసి పక్కన పెట్టింది.

"డిపోల పని లేకుండ చేసిన్రట. మనింటికొచ్చినప్పుడు ఒకపారి ఆయనే నోరు జారి చెప్పిండు. మీ నాయిన ఎల్లగొట్టిన దినమే సేటు చెవిల పడ్డది. గుడ్డిదాన్ని పడగొట్టినోడని పేరు పెట్టిన్రు. అందుకే గేటు బయట కూసున్నడు నాడు. తర్వాత కూడ ఆ పేరు పోలే. పిలిచినోళ్లు తక్కువైన్రు. ఊరికి పోయిండు."

"నాకెందుకు చెప్పలే?"

"పదేండ్ల పిల్లవు. అప్పుడు మొయ్యలేకపోదువు."

అంతా సర్దుకుందని ఎన్నో ఏళ్లు నమ్మాను. అత్తమ్మతో చెప్పాను, తాతతో చెప్పాను, నాయినకు తెలిసింది, మోకాళ్లు దోక్కుపోయేలా బండ పెట్టాను. తీరిపోయిందనుకున్నాను. కానీ ఆ రోజు నేను తాతకు తప్పు ఒప్పుకున్నది గేటు బయట. లోపల సేటు ఉన్నాడు, బండలు దించేవాళ్లు ఉన్నారు, ఆయనకు పేరు పెట్టినవాళ్లంతా ఉన్నారు. నాకూ అత్తమ్మకూ ఆ ఆలోచన రాలేదు. తాతకు వచ్చిందేమో, పదేళ్ల పిల్లను అడగలేకపోయాడేమో.

ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరి పేరు అడిగినవాళ్లూ లేరు. ఇప్పుడు వెతుకుదామన్నా ఎవరినని అడగాలి? గేటు దాటి లోపలికి పది అడుగులు నడిచి, నలుగురి ముందు ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అత్తమ్మ చెయ్యి పట్టుకుని, మనసు తేలికై, బస్సు వైపు నడిచాను.